నా పేరున లేని పని

నాకు అన్నిటికంటే పెద్ద భయం, మా పాప నిద్రలో ఊపిరి తీసుకోవడం మర్చిపోతుందేమోనని. డాక్టరమ్మ నవ్వి, "పిల్ల గుండ్రాయిలా ఉందమ్మా" అంది. గుండ్రాయి కూడా ఊపిరి తీసుకోదు కదా అని ఇంటికొచ్చి మరీ భయపడ్డాను.

మా ఆయన బస్సు డ్రైవరు. సాయంత్రం డ్యూటీకి వెళ్తే తెల్లారాకే రావడం. అప్పట్లో ఆయన లేనప్పుడు ఇంట్లో నేను, పాప, మా చెల్లి. చెల్లి ఇంట్లో కూర్చునే పని చేస్తుంది. ఓ చెప్పుల కంపెనీ యాప్‌లో తప్పులు పట్టడం దాని ఉద్యోగం. చిన్నప్పటి నుంచీ నాలో తప్పులు పట్టి చేయి తిరిగిన పిల్ల, ఇప్పుడు దానికి జీతం కూడా ఇస్తున్నారు.

ఒక మధ్యాహ్నం పాప అప్పుడే కన్ను మూసింది. చెల్లి ఫోను టింగుమంది. మళ్లీ టింగుమంది. ఇక రేకుల మీద వాన పడ్డట్టు ఆగకుండా మోగుతూనే ఉంది. పాప లేచి ఇల్లు పీకి పందిరేసింది.

"ఎవడే వాడు?" అన్నాను.

"ఆఫీసులో కొత్తగా చేరాడక్కా. మేం టెస్టులన్నీ ఎక్సెల్ షీటులో రాసుకునేవాళ్లం. వాటిని కొత్త టూల్‌లోకి ఎక్కించమంటే, ఎవరి పని వాళ్లకి పంచకుండా మొత్తం నా పేరునే పడేశాడు. ఒక్కోదానికీ ఒక్కో మెసేజ్."

దాని చేతిలో ఫోను లాక్కుని నేనే చేశాను. "ఏం బాబూ, చంటిపిల్ల ఉన్న ఇంట్లో ఇన్ని గంటలు మోగిస్తారా?"

"సారీ అండీ. మీరు... టీమ్ లీడా?"

"పిల్ల తల్లిని."

"అయితే ఇంకా పెద్ద పోస్టే" అన్నాడు.

చేసిన గందరగోళం సరిదిద్ది, చెల్లికి టూల్ నేర్పి రమ్మని వాళ్ల బాసు మర్నాడే అతన్ని మా ఇంటికి పంపాడు. వానలో తడిసి ముద్దయి వచ్చాడు. ఎంత పొడుగంటే, గుమ్మం దగ్గర జాగ్రత్తగా తల వంచి కూడా నుదురు కొట్టుకున్నాడు. చెల్లి నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. ఆ క్షణం నుంచి మా ఇంట్లో అతని పేరు నిచ్చెన.

పాపని భుజాన వేసుకుని నేనూ వంటింటి గుమ్మంలో నిలబడి పాఠం విన్నాను. తొమ్మిదో క్లాసుతో చదువు ఆపేసినదాన్ని, ఎవరేం చెప్పినా చెవి అటే పోతుంది.

"ముందు ఏం చెయ్యాలో రాస్తాం. తర్వాత ఏం జరగాలో రాస్తాం. దాన్ని ఒకరి పేరున పెడతాం" అన్నాడు నిచ్చెన. "అనుకున్నట్టు జరిగితే పచ్చ. జరగకపోతే ఎరుపు."

"ఆ పసుపు రంగుదేంటి బాబూ?" అన్నాను, ఉండబట్టలేక.

"అది బ్లాక్డ్ అండీ. అందులో తప్పేం లేదు. దానికి ముందు ఇంకేదో అడ్డం ఉంది. అది తొలగితే గానీ దీన్ని మొదలుపెట్టలేం."

"పాఠం నాకా, మా అక్కకా?" అంది చెల్లి.

"మీ అక్కగారు ప్రశ్నలడుగుతున్నారు. నువ్వు నా బొప్పి చూసి నవ్వుతున్నావు."

టూల్ నేర్చుకోవడం అయిపోయింది. నిచ్చెన రావడం మాత్రం అవలేదు. ఒకసారి ఛార్జర్ మర్చిపోయానని వచ్చాడు. ఇంకోసారి గొడుగు మర్చిపోయానని వచ్చాడు. ఆ రోజు అతని చేతిలో గొడుగుంది.

మళ్లీ ఓ వాన సాయంత్రం. ముందు గదిలో మాటలు నాకు వినపడుతున్నాయి. వినాలని కాదు, గోడలు పల్చన.

"ఏం జరగాలో ముందే రాసుకోవాలని నువ్వేగా చెప్పావ్? చెప్పు, ఇవాళ ఏం అనుకుని వచ్చావు?"

"టీ ఇస్తావని."

"ఇచ్చాగా. పచ్చ పెట్టుకుని వెళ్లు."

"అది చిన్న టెస్టు. పెద్దది ఇంకోటుంది." అన్నాడు. "నన్ను పెళ్లి చేసుకుంటావా?"

చెల్లి టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. నేను ఊపిరి బిగబట్టాను. నిజంగా ఊపిరి మర్చిపోయేది ఎవరో అప్పుడు తెలిసింది.

"ఎరుపా?" అన్నాడు.

"కాదు. పసుపు" అంది చెల్లి మెల్లగా. "బావ డ్యూటీకి వెళ్తే అక్క పాప పక్క నుంచి కదలదు. నేను కాసేపు కూర్చుంటేనే ఇంత తిని కళ్లు మూస్తుంది. నేనొచ్చేస్తే అక్కకెవరు?"

చెల్లి వెళ్లిపోతుందేమోనన్న గుబులు నాకెప్పటి నుంచో ఉంది. కానీ దాని బతుకుకి అడ్డంగా నిలబడ్డ పసుపు రంగుని నేనేనని అనుకోలేదు.

గదిలోకి వెళ్లాను. "నిచ్చెన బాబూ, ఆ అడ్డం తీసెయ్యడమెలాగో చెప్పు."

చెల్లి మొహం పాలిపోయింది. అతను మాత్రం లేచి, ఫ్యానుకి తల తగలకుండా చూసుకుని, ల్యాప్‌టాప్ తెరిచాడు. "టూల్‌లో కొత్త ప్రాజెక్టు. పేరు, ఇల్లు. సాయంత్రం పనులు చెప్పండి అక్కగారూ."

"తలుపు గడియ. గ్యాసు. పాప ఊపిరి."

"అన్నీ ఎవరి పేరున ఉన్నాయి?"

"నా పేరునే."

"నేనూ మొదటి రోజు ఇదే తప్పు చేశాను కదండీ. అన్నీ ఒక్కరి మీద పడేశా. ఏమైంది?"

"పాప లేచింది" అన్నాను. ముగ్గురం నవ్వాం. నాకు నవ్వుతోనే ఏడుపొచ్చింది.

పైవాటా ఖాళీగానే ఉంది, అక్కడే కాపురం పెడతామన్నాడు. గడియ, గ్యాసు నాకు ఉంచాడు. సాయంత్రం పాప దగ్గర కూర్చునే పని వాళ్లిద్దరి పేరున రాశాడు. "ఒకటే రూలు. ఇంకొకరు పచ్చ పెట్టినదాన్ని మళ్లీ వెళ్లి చూడకూడదు."

"సరిగ్గా చూడకపోతే?"

"నమ్మాలండీ. నమ్మకపోతే ఇదీ, ఎవరికి వాళ్లు మళ్లీ మళ్లీ చూసుకునే ఆ పాత ఎక్సెల్ షీటూ ఒకటే."

పెళ్లయింది. గుమ్మాలు మాత్రం పైవాటాలోనూ పొట్టివే. ఇవాళ సాయంత్రం పాప పైన ఉంది. నేను కింద వేడన్నం తింటున్నాను. ఫోను ఒక్కసారే టింగుమంది. పచ్చ. నేను లేవలేదు. అబద్ధమెందుకు, సగం లేచి కూర్చున్నాను.

మీకు తెలిసిన ఇంట్లో చంటిబిడ్డ తల్లి ఎవరైనా ఉంటే, ఒక్కసారి వెళ్లి చూసి రండి. బిడ్డనందరూ చూస్తారు. మీరు ఆమెను చూడండి, తిన్నదో లేదో.