వెళ్దామా?

ఓడ అనగానే నేను తెరచాపలూ తాళ్ళూ ఊహించుకున్నాను. తీరా ఎక్కి చూస్తే అది నీళ్ళ మీద తేలే పెద్ద హోటలు. లిఫ్టులు, తివాచీలు, ఎటు తిరిగినా తిండి. మాకిచ్చిన గది మాత్రం ఓడ పొట్టలో ఎక్కడో ఉంది. కిటికీ లేదు. కిటికీ ఉండాల్సిన చోట సముద్రం బొమ్మ ఒకటి ఫ్రేము కట్టి తగిలించారు. దీపం ఆర్పితే మిట్టమధ్యాహ్నం కూడా కళ్ళు తెరిచినా మూసినా ఒకటే.

"సముద్రం చూద్దామని వచ్చి సముద్రం బొమ్మ చూస్తున్నాం," అంది అక్క. "కేసు వెయ్యి లాయరమ్మా."

నేను లా చదువుతున్నాను. వాదనల పోటీలకెళ్ళి కప్పులు తెస్తుంటాను. ఆ కప్పుల్లో అమ్మ ఊడిన గుండీలు దాచుకుంటుంది. అక్క పళ్ళ డాక్టరు. రెండు నెలలు విడవని జ్వరంతో మంచానికి అతుక్కుపోయి, సగం మనిషై లేచింది. గాలి మారితే మంచిదన్నారని ఈ ప్రయాణం. బయల్దేరేటప్పుడు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి ఒకే మాట చెప్పింది.

"దాన్ని ఎలా తీసుకెళ్తున్నావో అలాగే తీసుకురా."

ఆ రోజు పొద్దున్నే ఓడ ఒక పాత ఊరి దగ్గర ఆగింది. సాయంత్రం దాకా తిరిగి రావచ్చు. రాళ్ళు పరిచిన సందులు, చెప్పుల కొట్లు, మాడు పగిలే ఎండ. పసుపు గొడుగు పైకెత్తి పట్టుకుని గైడు ముందు నడిస్తే, ఓడలోంచి దిగినవాళ్ళం బడిపిల్లల్లా వెనక నడిచాం.

"ఆవిడవి పైవరస కట్టుడు పళ్ళు," అక్క నా చెవిలో గుసగుసలాడింది.

"నీకు సెలవంటే ఏంటో తెలుసా?"

"నోరు తెరిచి నవ్వుతోంది, నేనేం చెయ్యను?" అని పగలబడి నవ్వింది.

జ్వరం వచ్చాక అక్క అంతలా నవ్వడం అదే మొదటిసారి. నా ప్రాణం కుదుటపడింది.

ఒక చెప్పుల కొట్టు పక్క సందులోంచి కిందకి మెట్లున్నాయి. ఒకప్పుడు ఊరంతటికీ నీళ్ళు దాచిన గదట అది, నేల కింద. దిగుతుంటే ఎండ మెడ మీంచి జారిపోయి చలి పట్టుకుంది. తడి రాతి వాసన. దాని వెనకాల ఇంకో వాసన, చాలాకాలం మూసి ఉంచిన పెట్టె తెరిచినప్పుడు వచ్చేది. రాతి స్తంభాలు వరసగా చీకట్లోకి వెళ్ళి కనపడకుండా పోయాయి. వాటి కింద నీళ్ళు, నల్లగా, కదలకుండా.

ఏం మాట్లాడినా గోడలు తిరిగి పలుకుతాయని గైడు చెప్పింది. అందరూ తమ తమ భాషల్లో అరిచారు. ఎవరి మాట వాళ్ళకి తిరిగొచ్చింది. నవ్వుకున్నారు. మెట్లెక్కడం మొదలుపెట్టారు.

అక్క మాత్రం నీళ్ళకి అడ్డంగా కట్టిన కటకటాల దగ్గరే ఆగిపోయింది. నేను రెండు మెట్లెక్కి వెనక్కి తిరిగాను. తను నా వైపు చూసి కన్ను గీటి, నీళ్ళ మీదకి వంగి, నన్ను పిలవాల్సిన మాటతో ఆ చీకటిలోకి పిలిచింది.

"వెళ్దామా?"

కాసేపు ఏమీ లేదు. తర్వాత, స్తంభాల అవతల నుంచి, అక్క గొంతుతోనే...

"వెళ్దాం."

అక్క నవ్వింది. నేను నవ్వలేదు.

ప్రతిధ్వని మాట మొదలుని మింగేస్తుంది, చివరని మిగులుస్తుంది. "దామా... మా..." అని రావాలి. ఇది చివరని మింగేసింది. ప్రశ్న వెళ్తే జవాబు వచ్చింది. మెట్లెక్కుతూ నాతో నేనే వాదించుకున్నాను. గోడల వంపు అయ్యుంటుంది, నీళ్ళ మహిమ అయ్యుంటుంది, నా చెవుల పొరపాటు అయ్యుంటుంది. మూడూ బలహీనమైన వాదనలే. వాటినే గెలిపించి పైకొచ్చాను.

మధ్యాహ్నం ఓడకి తిరిగొచ్చేశాం. గదిలో బ్యాగు మంచం మీద పడేసి అక్క తువ్వాలు తీసుకుంది.

"మేం స్నానం చేసొస్తాం."

"మీరెవరెవరు?"

"ఏంటే?"

"మేం అన్నావు."

"నేనా? లేదే," అని తలుపేసుకుంది.

నాలుక తడబడిందనుకున్నాను. బయటికొచ్చి తల తుడుచుకుంటూ, "మాకు ఆకలిగా ఉంది," అంది.

'మనం' అంటే వింటున్నవాళ్ళు కూడా లోపలే. 'మేము' అంటే వింటున్నవాళ్ళు బయట. మాటలు కూడా సరిగ్గా రాని పసిపిల్లలకి సైతం ఈ తేడా ఎవరూ నేర్పకుండానే తెలుస్తుంది. ఆ గదిలో ఉన్నది మేమిద్దరం. నన్ను బయట పెట్టి, అక్క ఎవరిని లోపల పెట్టుకుంది?

ఓడ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఆయన నాడి చూశాడు, కళ్ళలోకి లైటు వేశాడు, జ్వరం తర్వాతి నీరసం, నిద్ర పోనివ్వమన్నాడు. ఆయనకి 'మేము' సంగతి ఎలా చెప్పను? ఆయన భాషలో రెండింటికీ ఒకటే మాట. ఆయన ముందుపళ్ళ మధ్య వేలు దూరేంత సందుంది. అక్క దాని వైపు కూడా చూడలేదు.

చూసిందల్లా నా నోటి వైపే.

"పైకెళ్దామా?" అంది, నడవాలో.

"నువ్వెళ్ళు," అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలీదు. అక్క మొహంలో ఏదో మారింది. కోపం కాదు. లెక్క తప్పినవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టేటప్పటి ఓపిక.

"ఏదైనా తిందామా?"

"నాకు వద్దు. నువ్వు తిను."

"కూర్చుందామా కాసేపు?"

"నేను నించుంటాను."

అడిగిన ప్రతిసారీ నా పెదాల మీదే చూపు. డాక్టరు రోగి నోరు చూసినట్టు కాదు. బయట నిలబడ్డవాళ్ళు గుమ్మం చూసినట్టు.

అప్పుడర్థమైంది. కింద ఆ చీకట్లో, 'వెళ్దామా' అన్న మాటలో దాచి, అక్క ఒక 'మనం' విసిరేసి వచ్చింది. పేరు పెట్టకుండా. విన్నవాళ్ళందరికీ చెందేలా. ఇప్పుడు ఆ విన్నవాళ్ళు నా నోట్లోంచి ఇంకొకటి రాబట్టాలని చూస్తున్నారు. నా నోట 'మనం' రాకూడదు. 'వెళ్దాం', 'తిందాం', 'పడుకుందాం', ఏదీ రాకూడదు. ఆ మాటలు లేకుండా అక్కతో మాట్లాడ్డం ఎంత కష్టమో ఆ సాయంత్రం తెలిసింది.

గదికొచ్చాం. పొడుగ్గా, బరువుగా ఓడ కూత వేసింది. నేల కింద ఇంజన్ల వణుకు మొదలైంది. ఆ ఊరు వెనకబడిపోతోంది. అక్కడ దించేసి రావాల్సింది ఏదైనా ఉంటే, ఇక దించలేం.

"దీపం కళ్ళలో పొడుస్తోంది," అని అక్క స్విచ్చి నొక్కేసింది.

చీకటి.

ముందు వినపడింది అక్క ఊపిరి. జ్వరం మొదలైనప్పట్నుంచీ దానికి చివర్లో చిన్న గరగర ఉంటుంది. రెండు నెలలు పక్కన పడుకుని విన్నాను, నాకు తెలుసు. దాని వెనక ఇంకో ఊపిరి... నెమ్మదిగా... తడిగా. అక్క మంచం వైపు నుంచి కాదు. సముద్రం బొమ్మ వైపు నుంచి. గాలిలో తడి రాయి వాసన. పాత పెట్టె వాసన.

"వెళ్ళిపోండి," అన్నాను గుసగుసగా. "మిమ్మల్ని ఎవరూ పిలవలేదు."

"పిలిచింది."

అక్క గొంతే. కానీ బొమ్మ దగ్గర్నుంచి.

"అక్క పిలిచింది నన్ను."

"నీ పేరు చెప్పలేదుగా."

నోరు తెరిచాను. ఎంతమంది ముందు నిలబడ్డాను, ఎంతమంది నోళ్ళు మూయించాను. ఆ చీకట్లో నా దగ్గర ఒక్క మాట లేదు.

అప్పుడు అక్క మంచం మీంచి చిన్న ఏడుపు. జ్వరం రాత్రుల్లో ఏడ్చేదే, దిండు నోట్లో కుక్కుకుని.

"చెల్లీ... భయమేస్తోందే. నన్ను వదలట్లేదు."

నన్ను.

'మమ్మల్ని' కాదు. నన్ను. ఇది అక్కే.

"ఇక్కడే ఉన్నానక్కా."

"ఇంటికి... వెళ్దామా?"

రెండో ఊపిరి ఆగింది. వింటోంది. గది మొత్తం చెవి ఒగ్గినట్టుంది.

ఏమని చెప్పను? "నువ్వెళ్ళు" అంటే అక్క ఒంటరిగా మిగిలిపోతుంది, దానితో. నోరు మూసుకుంటే తెల్లారేసరికి మళ్ళీ 'మేము' అంటుంది, ఆ తర్వాత ఎప్పటికీ అంటుంది. అది అక్క కాకపోతే? దాని మాయే అయితే? అయ్యుండొచ్చు. కానీ చెయ్యి చాపితే వేళ్ళు దొరికాయి. వేడిగా. వాటిని వదిలెయ్యడానికి నా దగ్గర ఏ వాదనా లేదు.

"వెళ్దామక్కా," అన్నాను. "ఇంటికి వెళ్దాం."

రెండో ఊపిరి మళ్ళీ వినపడలేదు. వాసన పోయింది. వెతికి స్విచ్చి వేశాను. అక్క మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని నా చేతికేసి చూస్తోంది.

"గోళ్ళు దిగబడుతున్నాయి, వదలవే బాబూ," అంది. తర్వాత ముక్కు తుడుచుకుని, "నాకు ఆకలేస్తోంది."

నాకు. ఆ ఒక్క మాటకి నేను ఏడ్చేశాను.

తర్వాత ఓడ ఆగిన చోట దిగిపోయి విమానమెక్కాం. దారి పొడుగునా నా మాటలకి నేనే కాపలా కాశాను. నేను, నాకు, నాది. ఆ రాత్రి 'ఇంటికి వెళ్దాం' అన్నాక మళ్ళీ ఎక్కడా తప్పు దొర్లలేదు. అక్క పక్క సీటాయన దంతాల మీద తీర్పు చెప్పింది. అక్కని వదిలేశారు. నన్ను పట్టుకోలేదు. గెలిచాననుకున్నాను. అలా అనుకున్నప్పుడల్లా, గెలిస్తే ఓడినవాళ్ళు ఎక్కడికి పోయారని లోపల ఒక పురుగు తొలిచేది.

ఇంటి తలుపు అమ్మే తీసింది. అక్క గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బుగ్గలొచ్చాయే దీనికి," అని నా వీపు తట్టింది. "రండే లోపలికి, అక్కడే నించుంటారా?"

అక్క వెళ్ళి సోఫాలో వాలిపోయింది. నేను బ్యాగులు గోడవారగా పెట్టి వెనక్కి తిరిగాను.

అమ్మ ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. తలుపు వెయ్యలేదు. రెక్కని ఇంకాస్త వెనక్కి లాగి, చెదిరిన జుట్టు సర్దుకుని, దారిస్తున్నట్టు గోడకి ఒదిగి నిలబడింది. ఖాళీ మెట్ల వైపు చూస్తూ, కొత్తవాళ్ళతో మాట్లాడే మర్యాదతో, మెల్లగా అంది.

"రండి."