రాగిపీఠం కోసం వెళ్ళిన మందార

పూర్వం గండకుడనే రాక్షసుడు తాళగిరి కోటలోని రాగిపీఠాన్ని ఎత్తుకుపోతూ, అడ్డొచ్చిన కాపలాభటులిద్దరినీ శిలలుగా మార్చాడు. ఏడో రోజు సూర్యాస్తమయంలోగా విడిపించకపోతే వాళ్ళిక శాశ్వతంగా శిలలే. విమోచన మంత్రం ఆ రాజ్యంలో పసిపిల్లలకు కూడా కంఠతా వచ్చు. అయినా, ''ఆ పీఠం మీద కూర్చుని చదివితేనే మంత్రం పారుతుంది. పీఠం పోతే మంత్రం పోయినట్టే! తెస్తే చూద్దాం'' అని ఆస్థాన మాంత్రికుడు శంఖభట్టు చేతులెత్తేశాడు.

ఆ భటుల్లో ఒకడైన వీరమల్లుడి చెల్లెలు మందార కట్టెలు కొట్టి బతికే పిల్ల. గొడ్డలి భుజాన వేసుకుని అడవిదారి పట్టింది. ముళ్ళకోన దాటి, మొసళ్ళ మడుగు ఈది ఒడ్డెక్కేసరికి ఒక ఎలుగుబంటి అడ్డం నిలిచి, ఎక్కడికని అడిగింది. మందార సంగతంతా చెప్పింది. ఎలుగుబంటి తల గోక్కుంది.

''మంత్రం నీకు రాదా?''

''వచ్చు.''

''మరి పీఠం దేనికి?''

''నాకేం తెలుసు? తెమ్మన్నారు!'' అని మందార విసుక్కుంది. ఎలుగుబంటి జాలిపడి దారి ఇచ్చింది.

గుహలో గండకుడు తల పట్టుకుని కూర్చున్నాడు. పక్కన రాగి అండాలో అంబలి ఉడుకుతోంది.

''ఆ పీఠమా? దాన్ని కరిగించి ఈ అండా పోయించుకున్నాను. దీపం వెలిగించమంటే వెలిగించేది, నీళ్ళు తెమ్మంటే తెచ్చేది. మంత్రం మాత్రం ఒక్క ముక్క పలికితే ఒట్టు! మనం చదివితే దాని అంచున ఉన్న అక్షరాలు వింటాయంతే. వినడానికి రాగే కావాలా? చెక్క మీద చెక్కినా వింటాయి. తెలియక మోసుకొచ్చి నడుం విరగ్గొట్టుకున్నాను!''

మందారకు ఒళ్ళు మండింది. ఆ అక్షరాలను గండకుడికి గుర్తున్నంత మేర అతడి చేతే బొగ్గుతో కొంగు మీద రాయించుకుని వెనక్కి పరుగెత్తింది.

ఏడో రోజు పొద్దు వాలుతుండగా కోట చేరి, చెక్కపీట మీద అక్షరాలు చెక్కి, మంత్రం మొదలుపెట్టింది.

''దీపం వెలగలేదు! చెప్పానా, పనిచేయదని!'' అన్నాడు శంఖభట్టు.

''అయ్యా, దీపం వెలిగించడం రాగిపీఠం చేసిన ఊడిగం. మంత్రానిది కాదు. చేతులున్నాయిగా, వెలిగిద్దాం!'' అంటూ తానే చెకుముకి కొట్టి, నీళ్ళు చల్లి మంత్రం ముగించింది. మొదటి భటుడు కళ్ళు తెరిచాడు.

''చెక్కపీఠం మహిమ!'' అంటూ జనం ఎగబడ్డారు. శంఖభట్టు పీటను నెత్తికెత్తుకున్నాడు. మేళతాళాలతో ఊరేగింపు బయలుదేరింది. వీరమల్లుడు ఇంకా రాయిగానే ఉన్నాడు.

''ఓరి దేవుడా! ఇటివ్వండి బాబూ!'' అని మందార అరిచినా ఎవరికీ వినబడలేదు. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. వంటశాలలోంచి కూరగాయలు తరిగే చెక్క లాక్కొచ్చి, గొడ్డలి మొనతో గబగబా అక్షరాలు చెక్కి, దాని మీద కూర్చుని ఆ మంత్రమే చదివింది. సూర్యుడు కొండ వెనక్కి జారుతుండగా వీరమల్లుడు కదిలాడు.

రాజు ఆనందంతో మందారను ఆస్థాన మంత్రగురువును చేశాడు. మర్నాడు శంఖభట్టుతో సహా శిష్యులందరూ పట్టు కప్పిన పీటలతో వచ్చారు. మందార పీటలన్నీ ఒకరివి ఒకరికి మార్పించి, ''ఇప్పుడు చదవండి'' అంది.