నిన్నటి అంబులెన్స్

“అబిగెయిల్ సాక్ష్యానికి ఢిల్లీ ద్వారక కోర్టు మెట్లెక్కే లోపు ముఠావాళ్లు ఆమెను కాల్చేస్తారు. అంబులెన్స్ జాడ వాళ్లకెలా తెలుస్తోందో పట్టుకో,” అన్నాడు చీఫ్ వీరరాఘవులు.

అబిగెయిల్ నర్సు. విదేశీ ముఠా నాయకుడి ముఖం చూసిన ఒకే ఒక్క మనిషి. ఆమెను ఎక్కించుకున్న అంబులెన్స్ అప్పటికే ఘాజియాబాద్‌లో బయలుదేరింది.

ఏజెంట్ సుధీంద్ర మెస్ కుర్రాడిలా క్యారియర్ పట్టుకుని, ఢిల్లీలో కోచింగ్ విద్యార్థులుండే బేర్ సరాయ్‌లో ఒక ఇంటి ఇరుకు మెట్లెక్కాడు. అడుగు గిన్నెలో, పెరుగన్నం కింద పిస్టల్.

తలుపు తీసింది అనూహ్య. చూడ్డానికి సివిల్స్‌కు చదివే అమ్మాయి, కాకపోతే ఆ లిప్‌స్టిక్ మాత్రం ఏ కోచింగ్ క్లాసుదీ కాదు. ముఠాకు పనిచేస్తూ ఇటు చీఫ్‌కూ కబుర్లు పంపుతుంది. నిజంగా ఎటువైపో ఎవరికీ తెలీదు.

“సాంబార్లో మునక్కాయలు అయిపోయాయి మేడమ్.”

“ఉన్నా నేను తినను.”

కోడ్ కలిసింది. నమ్మకం కలగలేదు.

గదిలో కంప్యూటర్ స్క్రీన్ మీద ఎర్ర చుక్క పాకుతోంది, అబిగెయిల్ ఎక్కిన అంబులెన్స్. ఊళ్లోని అంబులెన్సుల డేటానంతా పోగుచేసి, మ్యాపుతో కలిపి, ఆగకుండా ప్రవహింపజేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది. ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోవచ్చు. ముఠా కూడా మార్చుకుంది. దొంగచాటుగా ఒక కాపీ ఈ గదికి, ఇక్కణ్ణించి షూటర్ల ఫోన్లకు.

ఆపేయమన్నాడు సుధీంద్ర. చుక్క ఆగితే వాళ్లకు అనుమానం వస్తుందని, ప్రతి దారిలోనూ మనుషులున్నారని చెప్పిందామె. గోరు కొరుక్కుంది.

“వారం రోజుల డేటా ఇందులో దాచి ఉంటుంది. వెనక్కి తిప్పి మళ్లీ వదలొచ్చు. తేదీ మార్చి నిన్నటిది వదలనా?”

సుధీంద్ర చీఫ్‌కి ఫోన్ చేశాడు. నిన్న ఆ బండి యమున బ్రిడ్జి దాకా ఇదే దారిన వచ్చి, ఏసీ బాగుచేయించడానికి షెడ్డుకు మళ్లిందట. షెడ్డు పక్కనే పోలీస్ స్టేషన్, అక్కడివాళ్లను సిద్ధంగా ఉంచుతానన్నాడు చీఫ్.

చుక్క బ్రిడ్జి మీదకొచ్చింది. సుధీంద్ర పిస్టల్ ఆమె మెడకు ఆనించాడు.

“సార్, అది పక్కన పెట్టండి. చెయ్యి వణికితే నిన్నటికి బదులు మొన్నటిది వెళ్తుంది.”

పక్కన పెట్టాడు. ఆమె ఎంటర్ నొక్కింది. చుక్క ఒక్క క్షణం తడబడి, ఎడమకు తిరిగింది.

ఎటు పోతోందంటూ షూటర్ల మెసేజ్ వచ్చింది: ‘కిధర్ జా రహా హై?’

‘ఫాలో కరో,’ వెంటే వెళ్లండని కొట్టింది అనూహ్య.

చుక్క షెడ్డు దగ్గరికి చేరి ఆగింది. చివరికి చీఫ్ ఫోన్. షెడ్డు గేటు దగ్గర షూటర్లు తుపాకులతో సహా పోలీసులకు దొరికారు. అసలు అంబులెన్స్ కోర్టుకు చేరింది.

వెనకే అబిగెయిల్ లైన్లోకొచ్చింది.

“థాంక్స్ సార్. కానీ దారంతా ఉడికిపోయామండీ. నిన్నే ఏసీ రిపేర్ చేశారన్నారు?”

సుధీంద్ర చెమట తుడుచుకున్నాడు.

“రిపేరు సంగతి తెలీదమ్మా. షెడ్డుకు మాత్రం వెళ్లొచ్చింది. దానికే దండం పెట్టుకో.”