టోనర్ తర్వాత సీరం

వినగడప దగ్గర పత్తిచేనులో దొరికిన శవానికి ఒంటి మీద గాయం లేదు. కడుపులో విషం లేదు. ముఖం మాత్రం పెళ్లికొడుకు ముఖంలా నిగనిగలాడుతోంది.

“చచ్చినవాడు జియాలజిస్టు దశరథరామయ్య అసిస్టెంటు,” అన్నాడు చీఫ్, బెజవాడ ఆఫీసులో కిటికీ మూస్తూ. “తిరువూరు కొండల్లో ఏ ఖనిజం ఎక్కడుందో ఇక దశరథరామయ్య ఒక్కడికే తెలుసు. ఆ సంగతి ఢిల్లీ చేరకముందే ఆయన్ని లేపెయ్యాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది.”

“అనుమానం ఎవరి మీద సార్?” అడిగాడు ఏజెంట్ లాల్‌సాహెబ్.

“ఇందిరాదేవి. మద్రాసు బ్యూటీ స్పెషలిస్టు. తిరువూరులో మకాం వేసింది. నిజానికి మన మనిషే.”

“మన మనిషైతే ఇంకేం సార్?”

“వాళ్లతోనూ అదే మాట చెబుతోందట.”

మర్నాడు లాల్‌సాహెబ్ అత్తరు సాయిబు వేషంలో తిరువూరులో బస్సు దిగాడు. వేలికి విషం సోకితే నల్లబడే తెల్లరాయి ఉంగరం, నడుముకి పిస్తోలు. ట్రావెలర్స్ బంగళా మెట్ల మీదే ఇందిరాదేవి ఎదురైంది. ఆమె చీర కుచ్చిళ్లు గాలికి కదిలితే తోటమాలి నీళ్లు పొయ్యడం మర్చిపోయాడు.

“మొగలి అత్తరు ఉందా?” అందామె. అది కోడ్‌వర్డ్.

“వానలు పడ్డాక వస్తుందమ్మా.”

ఆమె గొంతు తగ్గించింది. “నన్ను నమ్మకండి సాయిబు గారూ. నా కూతుర్ని ఎత్తుకుపోయారు. కొలంబోలో దాచామంటున్నారు. వాళ్లు చెప్పింది చెయ్యక నాకు గత్యంతరం లేదు.”

ఆమె వెళ్లిపోయాక లాల్‌సాహెబ్ ఆమె గదిలో దూరాడు. బల్ల మీద రెండే సీసాలు. ఒకటి టోనర్, ఒకటి సీరం. ఉంగరాన్ని ఒకదాంట్లో ముంచి, శుభ్రంగా కడిగి తుడిచి, రెండోదాంట్లో ముంచాడు. రాయి తెల్లగానే ఉంది.

అదే బంగళాలో దిగిన దశరథరామయ్యను కలిసి, ఉన్న సంగతి చెప్పాడు. ఎండల్లో తిరిగి తిరిగి ఆయన బుగ్గల నిండా మంగు మచ్చలు, వాటికి ఇందిరాదేవి చేత వైద్యం.

“మావాడిది గుండెజబ్బండీ,” అని నవ్వేశాడాయన. “ఆ అమ్మాయి నా ఎదురుగానే ఆ సీసాల్లోది ఒకటి కుడిచేతికి, ఒకటి ఎడంచేతికి రాసుకుంది. ఏమైంది? మీ డిపార్టుమెంటు వాళ్లకి తాడు కనిపిస్తే చాలు, పామే!”

చీఫ్‌కి ట్రంక్‌కాల్ చేద్దామంటే గాలివానకి లైను తెగింది. చేతిలో రుజువు లేదు. కాపాడవలసిన మనిషే నమ్మడం లేదు. లాల్‌సాహెబ్ అత్తరుపెట్టె ఒళ్లో పెట్టుకుని వరండాలో చతికిలబడ్డాడు. ఇన్నేళ్ల సర్వీసులో తన చేతులు ఇంత ఖాళీగా ఎన్నడూ లేవు.

మధ్యాహ్నం దశరథరామయ్య వరండాలోనే పడకకుర్చీలో వాలాడు. కళ్ల మీద తడి దూది. ఇందిరాదేవి సీసాలతో, సబ్బునీళ్ల బేసిన్‌తో వచ్చింది. వెనకే ఆమెకు మందులు కలిపే ‘కెమిస్టు’నని చెప్పుకునే డాక్టర్ బ్రూనో వచ్చాడు. మంగలి దగ్గర్నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, గడ్డం నున్నగా ఉంది, పటిక రుద్దిన చోట చర్మం బిగిసి ఉంది. వస్తూనే లాల్‌సాహెబ్ పక్కన కూర్చుని, తువ్వాలు కింద నుంచి డొక్కలో ఏదో చల్లగా ఆనించాడు. రెండో చేత్తో అతని పిస్తోలు లాగేసుకున్నాడు.

“నోరెత్తితే ముందు ఆయన్ని కాలుస్తా,” అన్నాడు చెవిలో. “ఇలా పోతే గుండెపోటు. ఎవరికీ గొడవ ఉండదు.”

ఇందిరాదేవి దూదిని టోనర్‌లో ముంచి దశరథరామయ్య బుగ్గలు తుడుస్తోంది.

“సబ్బుకి పోని జిడ్డూ మురికీ దీనికి పోతాయండీ. చర్మం సిద్ధమౌతుంది. ఆ తర్వాతే సీరం. ఊరికే రాస్తే తామరాకు మీద నీటిబొట్టే, లోపలికి దిగదు. టోనర్ రాశాక రాస్తే అడుగంటా దిగుతుంది.”

లాల్‌సాహెబ్ కిటుకు గ్రహించాడు. విషం ఏ ఒక్క సీసాలోనూ లేదు. రెండూ చర్మం మీద కలిస్తేనే చావు! తెలిసి ఏం లాభం? అరిస్తే గుండు, ఊరుకుంటే సీరం. ఎటు చూసినా ఆ కుర్చీలో మనిషి బతకడు.

ఆమె సీరం సీసా మూత తీసింది. డ్రాపర్ దశరథరామయ్య బుగ్గకు జానెడు పైన ఆగింది.

“కానియ్యి,” అన్నాడు బ్రూనో.

ఇందిరాదేవి గిరుక్కున తిరిగి సీసాలో ఉన్నదంతా బ్రూనో మొహాన కొట్టింది.

“పటికా టోనర్ చేసే పనే చేస్తుంది డాక్టరు గారూ!”

బ్రూనో గావుకేక పెట్టాడు. రెండు చేతులూ మొహానికి పోయాయి. పిస్తోళ్లు రెండూ నేల మీద పడ్డాయి. లాల్‌సాహెబ్ వాటిని అందుకునేసరికి ఇందిరాదేవి సబ్బునీళ్ల బేసిన్ ఎత్తి పట్టుకుని ఉంది.

“నా పాప ఎక్కడ?”

“నీళ్లు! నీళ్లియ్యి!”

“పాప ఎక్కడ?”

“ఎ.కొండూరు... హన్నమ్మ ఇంట్లో...”

ఆమె బేసిన్ అతని నెత్తిన కుమ్మరించింది. అతను బతికాడు. ఆమె మాత్రం వరండా స్తంభాన్ని పట్టుకుని కిందికి జారిపోయింది. సముద్రాల అవతల ఉందనుకుని రోజూ ఏడ్చిన బిడ్డ పక్క ఊళ్లో ఉంది.

దశరథరామయ్య దూది తీసి చూసేసరికి ‘కెమిస్టు’ చేతులకు బేడీలు పడ్డాయి. బ్రూనోను పోలీసులకు అప్పగించి, లాల్‌సాహెబ్ ఆమెతో కలిసి ఎ.కొండూరు బస్సెక్కాడు. రూలు ప్రకారం ఆమెనూ అరెస్టు చెయ్యాలి. ఆ మాట బస్సు కదిలినప్పటి నుంచీ నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.

“ఇంతకీ నువ్వు ఎవరి మనిషివమ్మా?” అన్నాడు చివరికి.

ఇందిరాదేవి కిటికీ లోంచి చూపు తిప్పలేదు.

“ముందు ఇద్దరికీ టికెట్లు తీసుకోండి సాయిబు గారూ. వచ్చేటప్పుడు మాత్రం రెండున్నర.”