కంచెకు వదినె ఇచ్చిన సగం

ట్రాక్టరు పెరట్లోకి వచ్చి రాతి కడీలను దబదబా దింపుతుంటే, రాజీ బర్రె దగ్గర పాలగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ కడీలు కంచె కోసమని ఆమెకు తెలుసు. వాటికి డబ్బిచ్చిందే ఆమె! కానీ వాటిని ఎక్కడ పాతబోతున్నారో మాత్రం ఆ పొద్దునే తెలిసింది. భర్త వెంకట్రాం సున్నం డబ్బా పట్టుకుని నేలమీద గీసుకుంటూ పోతున్న తెల్లగీత బోరును దాటింది, స్నానాల గదిని దాటింది, జామచెట్టును దాటింది... చివరికి తోటికోడలు లచ్చవ్వ వంటింటి గోడకు ఆరడుగుల దూరంలో వెళ్ళి ఆగింది.

"అక్కకు చెప్పినవా?" అని అడిగింది రాజీ.

"చెప్పేదేముంది? నా పెరడు, నా కంచె," అన్నాడు వెంకట్రాం తల ఎత్తకుండా.

అప్పటికి సకల జనుల సమ్మె మొదలై మూడో వారం. బచ్చన్నపేటలో బడి లేదు, బ్యాంకు లేదు, బస్సు లేదు. మండలాఫీసుకు తాళం పడింది. ఆ ఆఫీసులోనే గుమాస్తాగా పనిచేసే వెంకట్రాం రోజూ పదింటికల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని దీక్షా శిబిరంలో కూర్చునేవాడు. మైకు అందితే చాలు, వదిలేవాడు కాదు. మన నీళ్ళు మనకు దక్కనియ్యలేదని, మన వాటా మింగి మనల్నే ఎక్కిరించినారని అతను గొంతు చించుకుంటుంటే ఆడవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకునేవాళ్ళు. రాజీ తుడుచుకోలేదా! తుడుచుకుంది... తన మొగుడు ఇంత మంచిగా మాట్లాడగలడా అని పొంగిపోయింది కూడా. రోడ్డుమీద వంటావార్పు చేసిన రోజు నలభై మందికి పప్పు వండింది తనే. తెలంగాణ రావాలని ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేదు. కానీ అదే నోటితో, అదే మనిషి, ఇంటికొచ్చి వదినె నీళ్ళకు అడ్డంగా సున్నం గీత గీస్తుంటే... ఆమె ఆ ఇస్త్రీ చొక్కా మీంచి చూపు తిప్పేసుకుంది.

లచ్చవ్వ ఎవరో పరాయిది కాదు. వెంకట్రాం అన్న బాలనర్సయ్య భార్య. ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి వెంకట్రాంకు ఆరేళ్ళు. తల్లి లేని పిల్లవాడికి పేలు చూసి, నీళ్ళు పోసి, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుని పెంచింది ఆమే. బాలనర్సయ్య భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసి తమ్ముణ్ణి డిగ్రీ దాకా చదివించాడు. ఇల్లు రెండు వాటాలు చేసుకున్నా, పెరట్లో ఎవరూ గీత గీయలేదు. ఆయన పింఛను మీద ఊరికొచ్చి, తన సగంలోనే బోరు వేయించి, పక్కనే స్నానాల గది కట్టించి, రెండిళ్ళవాళ్ళూ వాడుకోవాలన్నాడు. ఆ తర్వాత ఏడాది తిరగకుండానే పోయాడు. లచ్చవ్వకు మిగిలింది నాలుగు మేకలు, కొంచెం పింఛను, మానుకోటలో కాపురం చేసుకుంటున్న కూతురు శ్వేత.

ఆ శ్వేతకు రెండో కాన్పని వినాయక చవితి పోగానే లచ్చవ్వ మానుకోట పోయింది. మేకల్ని పక్కింటి పోచమ్మకు అప్పజెప్పింది. ఇంతలో సమ్మె వచ్చి బస్సులు ఆగిపోయాయి, ఆమె అక్కడే చిక్కుకుపోయింది. వెంకట్రాం ఎదురుచూసింది సరిగ్గా దానికే! వదినె ఊళ్ళో లేదు. ఆమె వచ్చి ఫిర్యాదు చేద్దామన్నా ఆఫీసు తెరిచి లేదు. కొలవవలసిన సర్వేయరు సాంసన్ శిబిరంలో వెంకట్రాం పక్కనే కూర్చుని ఉన్నాడు. రాష్ట్రం వస్తే మండల కేంద్రంలో గజం ధర ఆకాశానికంటుతుందని, వదినె చచ్చేలోగా హద్దు తేల్చుకోకపోతే రేపు శ్వేత మొగుడు వచ్చి కూర్చుంటాడని అతని లెక్క. ఆ లెక్క రాజీకి చెప్పలేదు. మేకలు బెండ, టమాట మొక్కలన్నీ మేస్తున్నాయని, చుట్టూ ఇనుప జాలీ వేయిస్తే చాలని చెప్పాడు. జీతం లేదు కాబట్టి బర్రెపాలు అమ్మి ఆమె దాచిన డబ్బు తీసుకున్నాడు. ఆ డబ్బు జనగామలో ఇంటర్ చదువుతున్న కూతురు శిరీష హాస్టలు కోసం దాచింది.

ఆమె ఇచ్చేసింది. అదే ఆమెను తర్వాత నిద్రపోనివ్వలేదు. ఒక్కసారి కూడా, మేకలు నాలుగుంటే ఇంత పొడుగు కంచె ఎందుకని అడగలేదు!

కడీల ట్రాక్టరు వచ్చిన తీరు తలచుకుంటే ఇంకా రోత. జనగామ రోడ్డుమీద రాస్తారోకోలో ఆసుపత్రికి పోయే ఆటోను కూడా ఆపి గంటసేపు నిలబెట్టిన వెంకట్రాం, తన కడీల ట్రాక్టరుకు మాత్రం ఉద్యమ జెండా కట్టించి, ముందు మోటారు సైకిలు మీద తానే దారి చేసుకుంటూ తెచ్చుకున్నాడు. శిబిరానికి పందిరి వేయడానికని ఎవరో అనుకున్నారట... జేజేలు కూడా కొట్టారట!

నాలుగు రోజుల్లో కంచె లేచింది. ఇరవైనాలుగు వేలయిందని వెంకట్రాం అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు.

లచ్చవ్వ మూడు ఆటోలు మారి, మనుమణ్ణి చూసిన సంబరం ముఖంలో ఇంకా తడి ఆరకుండానే ఒక మధ్యాహ్నం ఇల్లు చేరింది. కాళ్ళు కడుక్కుందామని పెరటి తలుపు తీసింది. ఎదురుగా జాలీ. జాలీకి అవతల బోరు. అవతలి ఇంటి కిటికీలోంచి రాజీ చూస్తోంది. అక్క అరుస్తుంది, తిడుతుంది, ఊరంతా పోగవుతుంది... అప్పుడు తానూ బయటికి పోయి ఆమె పక్షాన నిలబడాలి అనుకుంది. కానీ లచ్చవ్వ జాలీ దగ్గరికి నడిచింది. జాలీ మీద ఒక్కసారి చెయ్యి పెట్టి చూసింది. ఆ చేతినే కొంగుతో తుడుచుకుంది. లోపలికి పోయి బిందె తీసుకుని, రెండు వీధుల అవతలున్న చేతిపంపు బోరింగుకు నడిచింది.

అరవై ఏళ్ళ మనిషి, దుమ్ముకాళ్ళతో, బిందె చంకనెత్తుకుని... ఎవరి భర్త వేయించిన బోరుకు ఎవరు దూరమయ్యారు! అంతా రాజీ చూసింది. అయినా కాలు కదపలేదు. మొగుడంటే రోత పుట్టిన ఆ రోజే తానంటే తనకు అంతకన్నా రోత పుట్టింది.

నాలుగు రోజులు అలాగే గడిచాయి. అయిదో రోజు పొద్దున వెంకట్రాం వాకిట్లో కుర్చీలు వేసుకుని సాంసన్‌తో, ఇంకో ఇద్దరు ఉద్యోగులతో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. లచ్చవ్వ కడిగిన ముతక చీర కట్టుకుని వచ్చి, మెట్టు కింద నిలబడింది. సాంసన్ లేచి కుర్చీ ఇవ్వబోతే చేత్తో వద్దంది.

"కంచెకెంతయింది వెంకట్రాం?" అని అడిగింది.

వెంకట్రాం ఖంగు తిన్నాడు. "ఇరవైనాలుగు వేలు. ఎందుకు వదినె?"

"గీ దిక్కెంత జాలీ ఉన్నదో నా దిక్కు గంతే ఉన్నది గద. నా సగం నేనియ్యాలె." లచ్చవ్వ కొంగు ముడి విప్పి డబ్బు తీసింది. "నిన్న అంగట్ల మేకలమ్మిన. నాలుగిటికి పన్నెండు వేలొచ్చినయి. ఇగ నీ బెండచెట్ల మీదికి ఏ మేక రాదు. పట్టు."

గడపలో నిలబడ్డ రాజీ భర్త వంకే చూసింది. వద్దంటాడు... ఇప్పుడైనా సిగ్గుపడతాడు... కుర్చీలోంచి లేచి వదినె కాళ్ళమీద పడతాడు... పడకపోయినా కనీసం ఆ డబ్బు ముట్టుకోడు! ఆరేళ్ళప్పుడు అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది. ఆ చేతిలోని డబ్బు తీసుకునేంత నీచుడు కాదు...

వెంకట్రాం చెయ్యి చాపాడు. తీసుకున్నాడు. తీసుకుని, బొటనవేలు నాలుకకు అద్దుకుని, లెక్కపెట్టాడు.

"సరిపోయింది వదినె," అన్నాడు.

సాంసన్ సగం తాగిన చాయ్ గ్లాసు నేలమీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మిగిలిన ఇద్దరూ ఏదో పనున్నట్టు లేచారు. లచ్చవ్వ అప్పటికే తన వాటాలోకి వెళ్ళిపోయింది.

నోట్లు జేబులో పెట్టుకుంటూ లోపలికొచ్చిన భర్తను రాజీ చూసింది. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన ముఖం. ఆ ముఖం మీద కోపం కూడా రాలేదు ఆమెకు. కోపగించుకోవాలంటే కూడా మనిషిలో ఏదో ఒకటి ఉండాలి కదా!

"నువ్వు లెక్కవెట్టినవు," అంది నెమ్మదిగా. "తీసుకున్నదొక్కటే కాదు. నలుగురి ముందట లెక్కవెట్టినవు."

ఆమే ఇస్తానంటే వద్దంటానా అని, ఆడవాళ్ళకు లోకం తెలియదని, ఇదంతా శిరీష కోసమేనని అతను చాలా చెప్పాడు. శిరీష కోసమైతే ఆ పన్నెండు వేలు ఇటియ్యి, హాస్టలు కట్టాలె అని ఆమె చెయ్యి చాపింది. అతను ఇవ్వలేదు. ఉద్యమం ఖర్చులున్నాయని చెప్పి బయటికి నడిచాడు.

మరునాడు పొద్దున రాజీ తన బిందె తీసుకుని వీధిలోకి వచ్చింది. పెరట్లో బోరు ఉన్న ఇంటి ఇల్లాలు, బోరింగు దగ్గర లచ్చవ్వ వెనక వరసలో నిలబడింది! లచ్చవ్వ ఆమె వంక ఒకసారి చూసి, తన బిందె పంపు కింద పెట్టుకుంది. తన బిందె కూడా నిండాక రాజీ ఉండబట్టలేకపోయింది.

"అక్కా, ఆ కంచెకు పైసలిచ్చింది నేనే. మేకలకని చెప్తె నమ్మిన..." బిందె మీద తల ఆన్చి ఏడ్చింది.

లచ్చవ్వ ఆమెను లేపి కొంగుతో ముఖం తుడిచింది. "నాకెరుకే చెల్లె. పోచమ్మ చెప్పింది, శిరీష పైసలు గిండ్ల పోయినయని. గందుకే మేకలమ్మిన. ఆ పన్నెండు వేలు వాడు నీ చేతుల వెడుతడేమో అనుకున్న. నేను సాదిన పిల్లగాడు గద... గింతన్నా ఉంటదనుకున్న."

రాజీకి అప్పుడర్థమైంది. అంటే అక్క మేకలమ్మింది కంచె కోసం కాదు... తన బిడ్డ చదువు కోసం! నీళ్ళు ఆపినవాడి కూతురి కోసం! ఆ డబ్బు ఏ జేబులో పడి ఏమైందో తలచుకుంటే ఆమెకు ఏడుపు కూడా ఆగిపోయింది.

ఆ రోజు నుంచి తోటికోడళ్ళిద్దరూ దీక్షా శిబిరం ముందు నుంచే బిందెలు మోశారు. మైకులో నీళ్ళ గురించి మాట్లాడుతున్న వెంకట్రాం వాళ్ళను చూడగానే మాట తడబడేవాడు. జనం అతని వంక, బిందెల వంక మార్చి మార్చి చూసేవాళ్ళు. ఇంటికొచ్చి, నా పరువు బజారున పెడుతున్నవని రాజీ మీద ఎగిరాడు. ఆమె అన్నం వడ్డించి అవతలికి పోయింది. వడ్డించడం మానలేదు, మాట్లాడటం మానేసింది.

నలభై రెండు రోజులకు సమ్మె ఆగింది. ఆఫీసు తెరిచిన రోజునే రాజీ పెరటి హద్దు కొలిచి తేల్చాలని అర్జీ రాసుకుని వెళ్ళి, వెంకట్రాం బల్ల ముందు నుంచే నడిచి సాంసన్ చేతికిచ్చింది. రెండో రోజే సాంసన్ కొలత గొలుసు పట్టుకుని వచ్చాడు. లచ్చవ్వ పెట్టెలోని పంపకాల కాగితం ప్రకారం పెరడును సరిగ్గా సగానికి కొలిచాడు. బోరూ, స్నానాల గదీ, జామచెట్టూ లచ్చవ్వ వాటాలోనే తేలాయి. చూడటానికి వచ్చిన వాళ్ళు గుసగుసలాడుతుంటే, సాంసన్ కాగితం మీద సంతకం పెట్టి, కంచె జరపాలని, అందుకయ్యే ఖర్చు వేసినవాళ్ళదేనని చెప్పాడు.

జరపక వెంకట్రాంకు గత్యంతరం లేకపోయింది. కడీలు పెకిలించి, కొత్త గుంతలు తీసి, జాలీ మళ్ళీ లాగడానికి పన్నెండు వేలు పోగా, మీద అప్పు కూడా అయింది. రాజీ తన చెవి దిద్దులు అమ్మి శిరీష హాస్టలు కట్టి వచ్చింది. భర్తను పైసా అడగలేదు.

అసలు కంచే తీసేయిద్దామని రాజీ అంటే లచ్చవ్వ ఒప్పుకోలేదు. తన దిక్కున కంచెకు ఒక చిన్న తలుపు మాత్రం పెట్టించింది. అది రాజీకి. రాజీ ఎప్పుడంటే అప్పుడు వచ్చి నీళ్ళు పట్టుకునేది, బర్రెను కడుక్కునేది. వెంకట్రాం మాత్రం ఆ తలుపు తాకడానికి ముఖం చెల్లక, తెల్లారకముందే బోరింగుకు పోయి తెచ్చుకునేవాడు.

కార్తీకం చలి ముదిరాక ఒక పొద్దున బోరింగు పాడైంది. లచ్చవ్వ, రాజీ బోరు దగ్గర గిన్నెలు తోముతున్నారు. కంచె అవతల వెంకట్రాం భుజాన తువ్వాలు, చేతిలో ఖాళీ బకెట్ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఆఫీసుకు వేళవుతోంది. చివరికి, "వదినె," అన్నాడు. నెల రోజుల మీద మొదటిసారి.

లచ్చవ్వ తల తిప్పలేదు. చేతిలోని గిన్నె తోముతూనే, "బకెట్ నిండ పొయ్యి రాజీ. పిల్లగాడు చలికి వణుకుతున్నడు," అంది.

నలభై రెండేళ్ళ వెంకట్రాం ఆ మాటకు చెంపదెబ్బ తిన్నట్టు కుంచించుకుపోయాడు. రాజీ తలుపు తీసి, బకెట్ అందుకుని, నిండా నింపి అతని ముందు పెట్టింది. అతను ఆమె ముఖంలోకి చూసి ఏదో అనబోయాడు... ఆమె ముఖంలో వినడానికి ఎవరూ లేరు. బకెట్ ఎత్తుకుని, నీళ్ళు ఒలకకుండా చిన్నచిన్న అడుగులేసుకుంటూ అతను ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

ఇంకా ఎన్నో ఏళ్ళు ఆ మనిషికి వండిపెట్టాలి, బట్టలుతకాలి, నలుగురిలో పక్కన నిలబడాలి. అదంతా తాను చేస్తుందని రాజీకి తెలుసు. తలుపు దగ్గరికి వేసి, వెనక్కి వచ్చి, లచ్చవ్వ పక్కన కూర్చుని మిగిలిన గిన్నెలు ముందుకు లాక్కుంది.