లంగరమ్మాయి, పీపా మాస్టారు

"మళ్ళీ లంగరే!"

నగిసా కాగితాన్ని బల్ల మీద చరిచింది. టీ గ్లాసు ఉలిక్కిపడింది. బల్ల వెనక కూర్చున్న షుంపేయ్ మాస్టారు మాత్రం కదల్లేదు. ఇది ఆమె రాసిన నాలుగో కాగితం.

"నాలుగుసార్లు రాస్తే నాలుగుసార్లూ అదే. మీ లెక్కలో ఏదో తేడా ఉంది మాస్టారూ."

"లెక్కలో తేడా లేదండీ. పిల్లలు రెండుసార్లు సరిచూశారు."

"ఈసారి కావాలనే పదకొండు ప్రశ్నలకి కెప్టెన్ జవాబులే పెట్టాను."

"చూశాను. పన్నెండో దాని దగ్గర దొరికిపోయారు."

"ఒక్క ప్రశ్న తప్పితే లంగరైపోతానా?"

"దానికి ఇరవై మార్కులు."

"ఇరవయ్యా! ఏ మహానుభావుడు పెట్టాడు?"

మాస్టారు టీ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "నేనే," అన్నాడు అందులోంచి.

ఆదివారం పొద్దున్న టీవీలో "ఏడు తెరచాపలు" వస్తుంటే మా దీవిలో కుక్కలు కూడా మొరగవు. ఒక ఓడ, అందులో ఏడుగురు సముద్రపు దొంగలు. కెప్టెన్, చుక్కాని పట్టేది, వంటవాడు, వైద్యురాలు, ఫిరంగి పేల్చేది, లంగరు కాసేది, ఇంకా ఎవరినీ అడగకుండా పీపాలో దాక్కుని ఓడెక్కేసినవాడు. మా బడిలో ఉన్నది తొమ్మిదిమంది పిల్లలు. బడి సంవత్సరం చివర వాళ్ళూ మాస్టారూ కలిసి పన్నెండు ప్రశ్నల కాగితం తయారుచేశారు. మీ స్వభావం ఆ ఏడుగురిలో ఎవరిది అని. దీవంతా వచ్చి రాసింది. పోస్టాఫీసాయనకి కెప్టెన్ వచ్చింది. అప్పట్నుంచి ఆయన ఉత్తరాలు ఇస్తూ కూడా సముద్రం వైపు చూస్తున్నాడు. హెడ్మాస్టరుగారికి వంటవాడు వచ్చింది. ఆయన అలిగాడు.

నగిసాకి లంగరు కాసే అమ్మాయి. మిగతా ఆరుగురూ నిధి కోసం ఒడ్డుకి దూకితే, ఓడలో తాడు పట్టుకుని కూర్చునే మనిషి. వంద భాగాల్లో ఆమె పలికింది పదకొండు మాటలు. నగిసా లెక్కపెట్టింది.

"మరి మీకేం వచ్చింది?" అని అడిగింది.

"నేను రాయలేదు. పేపరు తయారుచేసినవాడు రాయకూడదు."

"అబద్ధం."

"అబద్ధమే అనుకోండి."

"చూపించండి అయితే."

"ఓడ టైమవుతోంది. మీ మేనత్త ఈల వేస్తున్నారు."

నిజంగానే రేవు నుంచి ఈల వినిపించింది. నగిసా పరిగెత్తింది. పరిగెడుతూనే పన్నెండో ప్రశ్న గుర్తుచేసుకుంది. "ఓడ కదులుతోంది. నువ్వేం చేస్తున్నావు?" చెయ్యి ఊపుతున్నాను, ఏడుస్తున్నాను, దిక్సూచి చూస్తున్నాను, తాడు చూస్తున్నాను. అబద్ధం రాద్దామని నాలుగుసార్లు ప్రయత్నించింది. పెన్సిలు నాలుగుసార్లూ తాడు దగ్గరే ఆగింది.

ఎందుకంటే ఆమె పనే అది. నాలుగేళ్ళ క్రితం నాగసాకి నుంచి మేనత్త తొకిఎ దగ్గరికి వచ్చి, ఆమెతోపాటు రేవులో తాడు పట్టే పనిలో చేరింది. ఓడ వస్తే డెక్ మీంచి విసిరిన తాడు అందుకుని ఇనుప గుంజకి తగిలించాలి. ఓడ వెళ్తే విప్పాలి. తాడు దగ్గర ఉన్నంతసేపూ కళ్ళు తాడు మీదే ఉండాలి. తల తిప్పకూడదు, చెయ్యి ఊపకూడదు. తెగిన తాడు ఎముకని కూడా వదలదు.

మూడేళ్ళ క్రితం ఒక ఏప్రిల్ వానలో ఓడ దిగిన కుర్రాడొకడు గొడుగు తెరవడానికి సరిగ్గా ఆ తాడు పక్కనే నిలబడ్డాడు.

"ఓ గొడుగూ! చావాలనుందా? జరుగు!" అని అరిచింది.

అతను రెండడుగులు వెనక్కి వేసి, వానలోనే గొడుగు మూసేసి, వంగి నమస్కారం పెట్టాడు. "బడికి కొత్త మాస్టార్నండీ. గొడుగుని కాదు."

ఆ వాన ఆగిపోయి మూడేళ్ళైంది. నగిసాకి మాత్రం ఇంకా తడి ఆరలేదు.

ఇప్పుడు మార్చి వచ్చింది. అతనిది పర్మనెంటు ఉద్యోగం కాదు. టీచర్ల పరీక్ష రెండుసార్లు తప్పాడు, ఏడాదికోసారి పొడిగిస్తూ వచ్చారు, ఈసారి పొడిగించలేదు. ఇరవైతొమ్మిదో తారీకు మధ్యాహ్నం ఒంటిగంట నలభైకి ఓడ. ఆ ఓడ తాడు విప్పాల్సింది నగిసా.

"చెప్పావా?" అంది తొకిఎ అత్త ఆ సాయంత్రం, తాడు చుట్ట మీద కూర్చుని అన్నం ముద్ద తింటూ.

"ఏం చెప్పాలి?"

"నన్నడుగుతావేం? ఆ మాస్టారు రోజూ మధ్యాహ్నం బడి వదిలి ఇక్కడికొచ్చి తింటాడు. బడిలో బల్లలు లేకనా?"

"సముద్రం చూడ్డానికొస్తాడు అత్తా."

"బడి కిటికీలోంచి కనపడేది కూడా సముద్రమేనే, పిచ్చిదానా."

 ఆ రాత్రి నగిసా నిర్ణయించుకుంది. చెప్పకుండా ఆ తాడు విప్పకూడదు. పదకొండు మాటలతో వంద భాగాలు నెట్టుకొచ్చిన అమ్మాయి కాదు తను. పన్నెండో మాట ఉంది.

అయితే ఎలా? ఎదురుగా నిలబడితే నోరు తాళం వేసుకుంటోంది. అప్పుడు రంగు రిబ్బన్లు గుర్తొచ్చాయి.

మా దగ్గర ఎవరైనా దీవి వదిలి వెళ్తుంటే కాగితపు రిబ్బన్ చుట్టలు తెస్తారు. ఒక కొస ఓడలో మనిషి చేతిలో, రెండో కొస రేవులో మనిషి చేతిలో. ఓడ జరిగేకొద్దీ చుట్ట విప్పుకుంటుంది, చివరికి తెగుతుంది. తెగేదాకా ఎవరూ చెయ్యి వదలరు. అది చూడ్డం కష్టం. కొందరం ఆ టైముకి ఇంట్లో ఏదో ఒక పని పెట్టుకుంటాం.

నగిసా నీలం రంగు చుట్ట కొంది. మధ్యాహ్నం ఓడకీ సాయంత్రం ఓడకీ మధ్య ఖాళీలో దాన్ని మొత్తం విప్పి, లోపలి కొస మీద రెండు మాటలు రాసి, పెన్సిలు చుట్టూ మళ్ళీ చుట్టింది. వేళ్ళు నొప్పెట్టాయి. ఓడ వెళ్ళాక, చుట్ట అయిపోయే క్షణంలో, అతని చేతిలో ఆ మాటలు బయటపడతాయి. అప్పటికి మధ్యలో బోలెడు నీళ్ళుంటాయి. సిగ్గుపడాల్సిన మొహం అతనికి కనపడదు.

బయల్దేరే రోజు పొద్దున్నే పిల్లల రిబ్బన్ల పెట్టెలోంచి ఒక నీలం చుట్ట తీసేసి తనది పెట్టింది.

ఒంటిగంట ముప్పై అయిదు. రేవంతా జనం. పిల్లలు సముద్రపు దొంగల ఎర్ర టోపీలు పెట్టుకొచ్చారు. షుంపేయ్ మాస్టారు డెక్ మీద కడ్డీకి ఆనుకుని నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గాలికి అని అందరికీ చెబుతున్నాడు.

నగిసా తాడు దగ్గరికి వెళ్తూ ఒక్కసారి తిరిగి చూసింది. చూసి ఆగిపోయింది.

మాస్టారి చేతిలో తొమ్మిది కొసలున్నాయి. కొసలు మాత్రమే. చుట్టలన్నీ కింద, రేవులో, పిల్లల చేతుల్లో ఉన్నాయి.

"అత్తా! చుట్టలు పైన కదా ఉండాలి?"

"పైనెందుకుంటాయి? మన దగ్గర ఎప్పుడూ కొస పైన, చుట్ట కింద. నాలుగేళ్ళుగా చూడ్డం లేదూ?"

చూడలేదు. ఓడ బయల్దేరే ప్రతిసారీ రేవుకి వీపు పెట్టి తాడు చూసింది. అందరికంటే దగ్గర నిలబడి, దీవిలో పసిపిల్లకి కూడా తెలిసింది తనొక్కర్తీ చూడలేదు.

నీలం చుట్ట మూడో తరగతి అమ్మాయి చేతిలో ఉంది. నాలుగు నిమిషాల్లో ఓడ కదులుతుంది. చుట్ట తరుగుతుంది. ఆ పిల్ల బడిలో అందరికంటే గట్టిగా చదువుతుంది. మాటలు దీవంతా వింటుంది, వినాల్సినవాడు తప్ప.

వెళ్ళి లాక్కోవచ్చు. నగిసా ఒకడుగు అటు వేసింది కూడా. లాక్కుంటే ఎవరికీ తెలియదు. అతనికి కూడా. ఎప్పటికీ.

ఆ అడుగు వెనక్కి తీసుకుంది.

"అత్తా, ఎంతసేపుంది?"

"మూడు నిమిషాలు. ఎందుకు?"

"ఈ తాడు చూస్తూ ఉండు. రెండు చాలు."

అతను నిలబడ్డ చోటికి సరిగ్గా కిందకి వెళ్ళింది. పిలిచింది. ఇంజను రొద, పిల్లల పాట. అతనికి వినపడలేదు. మెడలో ఈల తీసి ఊదింది. తాడుతో ప్రమాదమున్నప్పుడు ఊదే ఈల. పాట ఆగింది. పోస్టాఫీసాయన కూడా సముద్రం వైపు చూడ్డం మానేశాడు.

"మాస్టారూ!" ఇంజన్లని దాటి వినపడేలా అరవడం ఒక్కటే ఆమెకొచ్చిన గొంతు. ఆ గొంతుతోనే అరిచింది. "మీరంటే నాకిష్టం! మూడేళ్ళ నుంచి! జవాబు ఇప్పుడే చెప్పండి, నాకు తాడు విప్పే పనుంది!"

 మాస్టారి మొహం ఎర్రటి టోపీలాగా అయింది.

"నగిసా గారూ..."

"అవునా కాదా!"

అతను తొమ్మిది కొసలూ ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో కోటు జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీశాడు. "నాకేమొచ్చిందని అడిగారు కదా! పీపా! నాకు పీపాలోవాడొచ్చాడు! నేనూ నాలుగుసార్లు రాశాను!"

పిల్లలు ఫక్కున నవ్వారు.

"అడగడానికి ధైర్యం లేక మూడేళ్ళు పీపాలో కూర్చున్నాను! పన్నెండో ప్రశ్న మీ కోసమే పెట్టాను! అందరూ వెళ్ళిపోయేటప్పుడు తాడు చూసేదెవరో ఒక్కరైనా గమనించాలని!" అతను కడ్డీ మీంచి ముందుకి వంగాడు. "అవును! అవునండీ! జూలైలో మళ్ళీ పరీక్ష రాస్తాను! దరఖాస్తులో దీవుల్లో పనిచేస్తావా అన్న గడిలో టిక్కు పెడతాను! కానీ మళ్ళీ తప్పితే..."

"తప్పితే తప్పండి! ఓడ టికెట్టుకి పరీక్ష అక్కర్లేదు!"

తొకిఎ అత్త గట్టిగా దగ్గింది. "అమ్మాయ్. రెండయ్యాయి."

నగిసా తాడు దగ్గరికి పరిగెత్తింది.   ఇనుప గుంజ మీంచి తాడు ఎత్తింది, నీళ్ళలోకి వదిలింది. "తాడు వదిలాం!" అని అరిచింది, రోజూ అరిచినట్టే. ఓడ కదిలింది. వెనక రిబ్బన్లు విప్పుకుంటున్న చప్పుడు, పిల్లల ఏడుపు, నవ్వు వినిపిస్తున్నాయి. తిరగలేదు. తాడు పూర్తిగా డెక్ మీదికి చేరేదాకా దాన్నే చూసింది. ఆ పన్నెండో ప్రశ్నకి నాలుగుసార్లు నిజమే రాసిందని అప్పుడు తెలిసింది ఆమెకి.

తిరిగేసరికి ఓడ మలుపు దగ్గరుంది. రిబ్బన్లు తెగి గాలిలో ఎగురుతున్నాయి. ఏదీ నీళ్ళలో పడకుండా పిల్లలు గబగబా లాక్కుంటున్నారు.

"నగిసా అక్కా! ఇందులో ఏదో రాసుంది!" మూడో తరగతి అమ్మాయి నీలం కొస పట్టుకుని గొంతు సవరించుకుంది. "మీరంటే ఇష్టం. జవాబు అక్కర్లేదు."

అందరూ నగిసా వైపు చూశారు. ఆమె కూడా ఆ మాటల వైపు చూసింది, ఎవరో పిరికిమనిషి రాసిన ఉత్తరం చూసినట్టు.

"రెండో మాట తప్పు," అంది. "పెన్సిలుందా? కొట్టెయ్."

ఆ పిల్ల అక్కడే మోకాలి మీద పెట్టుకుని, నాలుక బయటపెట్టి, శ్రద్ధగా కొట్టేసింది.

మే సెలవులకి వచ్చిన మొదటి ఓడ రోజున వాన. డెక్ మీంచి విసిరిన తాడు అందుకుని నగిసా గుంజకి తగిలించింది. దిగేవాళ్ళు దిగుతున్నారు. తాడుకి సరిగ్గా పక్కన ఎవరో ఆగి గొడుగు తెరుస్తున్నారు.

"ఓ గొడుగూ!" అని అరిచింది, తల తిప్పకుండానే. "ఎన్నిసార్లు చెప్పాలి? జరుగు!"

గొడుగు రెండడుగులు జరిగింది. వెనక్కి కాదు, ఆమె వైపు. తాడుకి ఆవలి పక్కన, ప్రమాదం లేని చోట, ఆమె తల మీదికి వచ్చి ఆగింది.