మన పిల్ల ఆఫీసులో ఉంది

ముసలివాళ్ళుండే రెస్ట్‌హోమ్‌లో నైట్ డ్యూటీ ముగించుకుని విమలకుమారి ఇంటికి వచ్చేసరికి మనురేవా వీధుల్లో పొగమంచు ఇంకా విడలేదు. కారు దిగి అలవాటుగా కంచె వైపు చూసింది. రోజూ ఆ వేళకి పక్కింటి నైరీ ఆంటీ అవతల టీ కప్పుతో నిలబడి ఉంటుంది. డెబ్బై ఏళ్ళ మావోరీ ముసలావిడ, ఈ దేశపు మూలవాసి. మోకాళ్ళు పట్టేశాయి గానీ నోరు పట్టెయ్యలేదు.

"రాత్రి ఎంతమందిని బతికించావే?" అంటుంది ఆవిడ.

"వాళ్ళని బతికించేసరికి నేను చచ్చాను" అంటుంది విమల, తనకొచ్చిన ఇంగ్లీషులో.

కూతురు బెట్సీ పుట్టిన ఏటి నుంచి వాళ్ళ పొద్దు అలాగే మొదలవుతోంది. ఆ రోజు మాత్రం కంచె అవతల ఎవరూ లేరు. ఆవిడ వరండాలో అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

వంటింట్లో భర్త దేవపాల్ టిఫిన్ బాక్సులో పెరుగన్నం సర్దుకుంటున్నాడు. అతనికి ఎయిర్‌పోర్టు దగ్గర గిడ్డంగిలో పని. హాల్లో బెట్సీ చొక్కా ఇస్త్రీ చేసుకుంటోంది.

"నైరీ ఆంటీ అప్పుడే పెట్టెలు బయట పెట్టిందేంటండీ?"

"వీధంతా సర్దుకుంటోందిగా. ఆవిడా సర్దుకుంటోంది" అన్నాడు దేవపాల్. "కూల్చేసి కొత్తవి కడితే మన ఇంటి విలువ కూడా పెరుగుద్దంట."

ఆ వీధిలో ఇళ్ళన్నీ ఒకప్పుడు ప్రభుత్వం అద్దెకిచ్చిన చెక్క ఇళ్ళే. ఒకటీ అరా జనం కొనుక్కున్నారు. వీళ్ళదీ అలా కొన్నదే కాబట్టి దాని జోలికి ఎవరూ రారు. అద్దె ఇళ్ళు మాత్రం కూలగొట్టి, ఒక్కో ఇంటి జాగాలో నాలుగైదు ఇళ్ళు కడుతున్నారు. ఆ పని చూసే ఆఫీసులోనే బెట్సీకి ఉద్యోగం.

"ఆవిడకేం తొందర? మారేది వీధి చివర కట్టిన కొత్త ఇంటికే కదా" అంది విమల స్టవ్ వెలిగిస్తూ.

ఇస్త్రీ పెట్టె ఆగింది.

"చివరికి కాదు మమ్మీ" అంది బెట్సీ. "నాన్‌కి హెండర్సన్‌లో ఇల్లు వచ్చింది. నిన్న ఫోన్ చేసి చెప్పారట."

నైరీ ఆంటీని బెట్సీ 'నాన్' అనే, అంటే అమ్మమ్మ అనే, పిలుస్తుంది. బెట్సీకి తెలుగంతా అర్థమవుతుంది, నోట్లోంచి వచ్చేది మాత్రం ఇంగ్లీషే. బాధొస్తే, కోపమొస్తే మధ్యలో తెలుగు ముక్కలు దొర్లుతాయి.

"హెండర్సన్ ఏంటే? అది ఊరికి ఆ చివర కదా! ఆవిడ చర్చి ఇక్కడ. మొగుడి సమాధి ఇక్కడ. ఆ మోకాళ్ళతో ఎన్ని బస్సులు మారుద్ది?"

"నాకు తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా? నీ నెత్తికి కొబ్బరినూనె రాసి రెండు జడలేసిన చెయ్యే అది. నేను డ్యూటీకి పోతే నీకు అన్నం పెట్టింది ఎవరు? లోపల కూర్చుని ఒక్క మాట చెప్పలేకపోయావా? నువ్వుండి కూడా ఇలా జరిగిందంటే..."

"నేనుండటం వల్లే మమ్మీ!" బెట్సీ గొంతు పెరిగింది. "మొదటి రోజే మేనేజర్‌కి చెప్పాను, ఆవిడ నన్ను పెంచిన మనిషని. ఇక ఆ ఇంటి పని నా చేతికి రాదు. తెలిసినవాళ్ళ పని మనం ముట్టుకోకూడదు. రూల్."

"తెలిసినవాళ్ళది కాకపోతే ఇంకెవరి పని చేస్తారే?"

"మీ మమ్మీ ఇంకా మన తాలూకాఫీసు అరుగు మీదే కూర్చునుంది" అని నవ్వబోయాడు దేవపాల్. బెట్సీ తల్లి వైపే తిరిగింది.

"ఆ ఇంట్లో ఉండటం మాత్రం మంచిదా? గోడలన్నీ బూజు. చలికాలమంతా దగ్గు. నాన్‌కి వెచ్చటి ఇల్లు రావాలనే నేనూ అనుకున్నాను. ఇక్కడే. అందుకే ఇళ్ళ గురించి మా ఆఫీసు పెట్టిన మీటింగ్‌కి రమ్మన్నాను. హాలుకి వచ్చి అడిగినవాళ్ళందరికీ ఇదే వీధిలో ఇచ్చారు. నీకు చెప్పాను కదా మమ్మీ, నాన్‌ని తీసుకురా అని. ముందు వరసలో కుర్చీ పెట్టి, ఎవరూ కూర్చోకుండా నా జాకెట్ వేసి ఉంచాను. అందరూ వెళ్ళిపోయాక ఆ జాకెట్ నేనే తీసుకున్నాను."

విమల పాలగిన్నె పక్కన పెట్టి స్టవ్ ఆపేసింది.

మీటింగ్ రోజు సాయంత్రం వాన. కంచె దగ్గర నైరీ ఆంటీ రెయిన్‌కోటు వేసుకుని, చేతిసంచి పట్టుకుని నిలబడింది. "పోదామా?" అంది. విమల నవ్వుతూ కంచె మీదుగా ఆవిడ సంచి అందుకుంది. "ఈ వానలో ఎందుకు ఆంటీ? మన పిల్ల ఆఫీసులో ఉంది. అది చూసుకుంటుంది." ఆవిడ ఒక్క క్షణం విమల మొహంలోకి చూసి కోటు బొత్తాలు విప్పుకుంది. ఇద్దరూ టీ తాగారు. జంతికలు తిన్నారు. ఆ సాయంత్రం విమలకి ఎంత హాయిగా అనిపించిందంటే, జీవితంలో అనుకున్నదేదో చేతికొచ్చినట్టు అనిపించింది.

"నేనే వద్దన్నాను" అంది విమల.

బెట్సీ ప్లగ్గు పీకేసి, వైరు చుట్టబోయి ఆపేసింది. "నువ్వా? నాన్‌కి నా మీద కోపమనుకున్నాను మమ్మీ. వాళ్ళ ఇల్లు కూల్చే ఆఫీసులో చేరానని, నా మొహం చూడటం ఇష్టం లేక రాలేదనుకున్నాను. అప్పటినుంచి వెనక గేటు గుండా పోతున్నాను నేను. ముందు నుంచి పోతే కనబడుతుందని."

ఆమె బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు కూడా వెనక గేటు చప్పుడే వినబడింది.

విమల కుర్చీలో కూలబడింది. 'మన పిల్ల ఆఫీసులో ఉంది' అన్న మాట తనది కాదు. నాయనమ్మది. డెల్టాలో వాళ్ళ టౌను చివర, మురుగుకాలవ గట్టున వాళ్ళ పేట ఉండేది. ఊరి పంపు దగ్గర నీళ్ళు పట్టుకోనివ్వని రోజులు నాయనమ్మ చూసింది. విమలకి ఎనిమిదేళ్ళప్పుడు, టౌను అందంగా చేస్తున్నామని, రోడ్డు వెడల్పని చెప్పి పేట మొత్తం తీసేశారు. పొలాలకవతల గడ్డి మొలవని చోట కాలనీ ఇచ్చారు. నాన్న ఆఫీసు చుట్టూ తిరిగాడు. లోపలికి రానివ్వలేదు. కిటికీ బయట ఎండలో నిలబెట్టి మాట్లాడారు. ఆ రాత్రి అన్నం ముందు నాయనమ్మ అంది: "మన పిల్ల ఒక్కతి లోపల ఉంటే ఇట్టా జరిగేదా?"

ఆ మాట పట్టుకునే విమల దేశం దాటింది. ముసలివాళ్ళ దుప్పట్లు మార్చి, ఒళ్ళు తుడిచి, బెట్సీని యూనివర్సిటీలో చదివించింది. పేట సంగతి మాత్రం కూతురికి ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడి తెలుగువాళ్ళు "మీది ఏ ఊరు, ఏ వీధి" అని తీయగా ఆరా తీసినప్పుడు తనూ దేవపాలూ "చర్చి వీధి" అని తప్పుకునేవారు. బెట్సీ పక్కనే ఉండి అదే నిజమనుకుంది. పిల్ల లోపలికి వెళ్ళింది. ఎందుకు పంపారో మాత్రం దానికెవరూ చెప్పలేదు.

విమల మొహం కడుక్కుని, కంచె పక్కనున్న సందులోంచి వెళ్ళింది. నైరీ ఆంటీ వంటింట్లో కప్పులు పాత పేపర్లలో చుడుతోంది.

"ఆంటీ, ఆ రోజు మీటింగ్‌కి వెళ్ళుంటే నీకు ఇక్కడే వచ్చేదంట. నేనే ఆపాను."

"తెలుసు" అందావిడ, కప్పు చుట్టడం ఆపకుండా. "పక్కవీధి వాళ్ళు మర్నాడే చెప్పారు."

"మరి నన్ను ఒక్క మాటైనా అనలేదేం?"

ఆవిడ కుర్చీ చూపించింది. విమల కూర్చోలేదు.

"నాకు పదేళ్ళప్పుడు మేం ఊరి మధ్యలో ఉండేవాళ్ళం. ఫ్రీమన్స్ బే. నాన్న ఓడరేవు పనికి నడిచి వెళ్ళేవాడు. అంతకుముందు పుకెకోహే పొలాల్లో అమ్మ ఆలుగడ్డలు తవ్వేది. అక్కడ సినిమా హాల్లో మేడ మీద సీట్లు మా వాళ్ళకిచ్చేవారు కాదు. ఊళ్ళో అలా కాదులే అని వచ్చారు. ఇక్కడ అద్దెకిచ్చేవాళ్ళు మొహం చూసి తలుపేసేవాళ్ళు. ఎలాగో ఒక పాత ఇల్లు దొరికితే, ఒక రోజు టై కట్టుకున్నాయన వచ్చి, ఇది మనుషులుండే ఇల్లు కాదన్నాడు. మంచి ఇల్లిస్తామన్నాడు. ఇచ్చారు కూడా. ఇల్లు మంచిదే విమలా. పక్కింట్లో మా మనుషులే లేరు. ఒక్కొక్కళ్ళని ఒక్కో మూలకి చల్లేశారు. అమ్మ రెండేళ్ళు కిటికీ దగ్గరే కూర్చుంది."

ఆవిడ చుట్టిన కప్పుని పెట్టెలో పెట్టింది.

"ఇప్పుడా ఫ్రీమన్స్ బేలో మనలాంటివాళ్ళు కాపురం ఉండలేరు. అప్పుడూ ఇప్పుడూ మా తరఫున ఆఫీసు లోపల ఎవరూ లేరు. లోపల మనిషి ఉంటే ఎలా ఉంటుందో ఎదుటివాళ్ళని చూసి అనుకోవడమే. ఆ వానలో నువ్వు ఆ మాటన్నావు చూడు, మన పిల్ల ఉంది అని! నాకూ అనుమానం వచ్చింది, ఇక్కడ అలా జరగదేమోనని. అయినా కోటు విప్పేశాను. ఒక్క సాయంత్రం, నాకూ లోపల ఒక మనిషి ఉందనుకుని టీ తాగాను. ఎంత బాగుందో! ఆ ఒక్కటీ నువ్వు క్షమాపణ అడిగి పాడుచెయ్యకు."

విమల అప్పుడు కూర్చుంది. ఆవిడ ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. నైరీ ఆంటీ కళ్ళు పొడిగానే ఉన్నాయి. చెయ్యి మాత్రం విమల జుట్టులో, ఎప్పుడో బెట్సీకి పాయలు తీసినట్టు, తనంతట తాను కదులుతోంది.

ఆ వారమంతా బెట్సీ ఇంట్లో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆఫీసులో మళ్ళీ అడిగిందట. ఈ వీధిలో ఇక ఖాళీ లేదన్నారట. ఆ సంగతి దేవపాల్ చెబితే తెలిసింది. ఇంటి విలువ మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

శనివారం పొద్దున సామాన్ల లారీ వెళ్ళిపోయింది. మధ్యాహ్నం ఆఫీసు మనిషి వచ్చి తాళాలు తీసుకుంటాడు. సోమవారం ఇల్లు కూల్చే మిషన్ వస్తుంది. విమల చీపురూ బకెట్టూ పట్టుకుని వెళ్ళేసరికి, నైరీ ఆంటీ ఖాళీ వంటింట్లో మోకాళ్ళ మీద కూర్చుని ఓవెన్ తోముతోంది. విమల గదులు ఊడ్చింది. కిటికీలు తుడిచింది.

ముందు గేటు కిర్రుమంది. బెట్సీ. గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ చూసింది.

"ఎందుకు మమ్మీ ఇదంతా? ఎల్లుండి కూల్చేస్తారు."

విమల తడిగుడ్డ పిండింది. "మన పేట తీసేసిన రోజు మా నాయనమ్మ తెల్లారే లేచి ఇల్లంతా పేడతో అలికింది. బుల్డోజరు వీధి మొదట్లో ఉంది. నాన్న అరిచాడు, నీకు పిచ్చా అని. ఆవిడ అంది: మనం మురికిలో ఉన్నామనే కదా తీసేస్తున్నారు. వచ్చినోడు చూడాలి, ఇది ఇల్లని."

"పేట అంటే? మనది చర్చి వీధి కదా?"

"కాదమ్మా."

విమల అన్నీ చెప్పింది. కాలవగట్టు, పంపు, కిటికీ బయట ఎండలో నాన్న. సామాన్లు లేని ఖాళీ గదిలో ఆ మాటలు కొంచెం ప్రతిధ్వనించాయి. బెట్సీ గోడకానుకుని నేల మీద కూర్చుండిపోయింది. అంతా అయ్యాక, "నాకెందుకు చెప్పలేదు?" అంది తెలుగులో.

"నీకు ఆ బరువు ఉండకూడదనుకున్నాను."

"నేను రోజూ ఆఫీసులో వాడే మాటలు... తరలింపు, అభివృద్ధి... అవి మన మీద కూడా వాడారని తెలియకుండానే వాడాను మమ్మీ."

విమల వచ్చి పక్కన కూర్చుంది. బెట్సీ తల్లి భుజం మీద వాలిపోయింది. నైరీ ఆంటీ ఓవెన్ తలుపు మూసి, "ఏడ్చేవాళ్ళు చేతులతో ఏదైనా పని చెయ్యండి. హాలు అలాగే ఉంది" అంది. బెట్సీ కళ్ళు తుడుచుకుని మాప్ అందుకుంది.

తాళాల మనిషి వచ్చేసరికి నేల తడి ఆరుతూ మెరుస్తోంది. అతను గుమ్మంలో ఆగి, లోపలికి చూసి, ఏమనుకున్నాడో, బూట్లు విప్పాడు. ఎల్లుండి ఉండని ఇంట్లోకి మేజోళ్ళతో అడుగుపెట్టాడు. అప్పుడు బెట్సీని చూశాడు.

"నువ్వు ఇక్కడ ఉండకూడదు కదా?" అన్నాడు మెల్లగా. "ఈ ఇంటి పని నీది కాదు."

బెట్సీ మాప్ గోడకి ఆనించింది. నైరీ ఆంటీ పక్కకి వెళ్ళి, తాళాలున్న ఆవిడ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"పని మీద రాలేదు" అంది. "ఈవిడ నాకు తెలుసు."